ఎర్రరంగు వీధివాసి మనవి

అయ్యలారా, అమ్మలారా! నీళ్లు ఉండవలసిన చోటు కుండ కాదు, కంప్యూటర్. ఈ మాట నేను ఊరికే అనడం లేదు. ఇరవై ఆరేళ్లుగా హైస్కూళ్లలో సోషలు పాఠం చెబుతున్నవాణ్ణి, మ్యాపుల సంగతి నాకు తెలుసు.

కుండలో నీళ్లకు ఎన్ని తంటాలు! పాచి పడుతుంది. పిల్లి మూతి పెడుతుంది. చుట్టం వస్తే ముంచి ఇవ్వాలి. అన్నిటికంటే పెద్ద లోపం, తాగితే అయిపోతాయి. కంప్యూటర్లో నీళ్లకు ఈ గొడవ లేదు. ఊరంతా కలిసి చూసినా చుక్క తగ్గవు. నడి ఎండాకాలంలో కూడా నీలంగా, నిండుగా, అద్దం వెనకాల అట్లాగే ఉంటాయి.

మా ఆత్మకూరుకు ఈ భాగ్యం ఈ 1998లో పట్టింది. ఇంకో రెండేళ్లలో కొత్త శతాబ్దం వస్తున్నది కాబట్టి, అందులోకి మేము దాహంతో అయినా సరే, మ్యాపుతో అడుగు పెట్టాలని పెద్దలు నిర్ణయించారు.

ఆత్మకూరు ఎంత పెరిగిందో బయటివాళ్లకు తెలియదు. బద్వేలులో బస్సెక్కి కునికి నెల్లూరులో కళ్లు తెరిచేవాళ్లకు అసలే తెలియదు. పదేళ్ల కిందట బస్టాండు దాటితే చేలు. ఇప్పుడు బస్టాండు దాటితే నగర్లు. రాళ్లు పాతిన ప్రతి చేనూ ఒక నగర్. మనుషులు లేని నగర్లు కొన్ని, దారులు లేని నగర్లు కొన్ని, నీళ్లు లేని నగర్లు అన్నీ! చేజర్ల నుంచి, ఉదయగిరి నుంచి పిల్లల చదువులకని వచ్చి ఇల్లు కట్టుకున్నవాళ్లతో ఊరు ఉబ్బిపోయింది. పైపులు మాత్రం ఊరు పల్లెగా ఉన్ననాటివే.

ఇన్నాళ్లూ ఈ ఊరి నీళ్ల వ్యవహారమంతా మస్తానయ్య తలలో ఉండేది. మస్తానయ్య అంటే వాల్వులు తిప్పే మనిషి. భుజాన పొడుగాటి ఇనుప కడ్డీ, నోట్లో ఆకు వక్క. ఏ పైపు ఏ గోడ కింద దూరిందో, ఏ ఇంటివాళ్లు కుళాయికి మోటారు బిగించి పక్కింటి నీళ్లు లాగుతున్నారో, ట్యాంకరు ఏ రోజు ఎక్కడికి పోవాలో ఆయనకు కంఠస్థం. చదువా? ఐదో క్లాసు. ఒక ఊరి నీళ్లు ఒక ఐదో క్లాసు తలలో ఉండడం ఎంత ప్రమాదమో ఆలోచించండి! రేపు ఆయనకు జ్వరం వస్తే? మతిమరుపు వస్తే? అంతకంటే ఘోరంగా, ఎవరి మీదనైనా జాలి వస్తే?

కాబట్టి నీళ్లాఫీసువాళ్లు హైదరాబాదు నుంచి ఒక కంపెనీని పిలిపించారు. ఆ ఆఫీసు అసలు పేరు చాలా పొడుగు, మేమంతా నీళ్లాఫీసనే అంటాం. పైనుంచి ఉపగ్రహం తీసిన ఫోటో, కింద ఇంటింటి సర్వే. రెండూ కంప్యూటర్లో పోస్తే రంగుల మ్యాపు వస్తుంది. నీళ్లున్న చోటు నీలం. లేని చోటు ఎరుపు. ట్యాంకరు ఎరుపుకు పోతుంది, నీలానికి పోదు. ఇంతే. ఇంత చిన్న సంగతి మస్తానయ్యకు ఇన్నేళ్లూ తట్టలేదు చూడండి.

మ్యాపును ఒక గదిలో ప్రతిష్ఠించారు. గదికి ఏసీ పెట్టారు. తలుపు మీద కాగితం అంటించారు: "చెప్పులు, మంచినీళ్లు లోపలికి తేరాదు." కంప్యూటర్ మీద తడి పడితే చెడిపోతుందట. నీళ్ల గదిలోకి నీళ్లు రాకూడదు! క్రమశిక్షణ అంటే అదీ. కరెంటు పోయినప్పుడు మాత్రం ఆత్మకూరులో నీళ్లెక్కడున్నాయో ఎవరికీ తెలియదు. పోయేది రోజుకు ఆరు గంటలేగా, ఆ మాత్రం ఓర్చుకోలేమా?

మ్యాపు వచ్చిన మొదటి వారంలోనే మస్తానయ్యకు బుద్ధి వచ్చింది. మెయిన్ బజారు వాల్వు ఒక బట్టల కొట్టు లోపల ఉన్నట్టు మ్యాపు చూపించింది. ఆయన కడ్డీ పట్టుకుని కొట్లోకి పోయి, కొట్టాయన్ని కాస్త లేవమన్నాడు.

"ఏంది మస్తానయ్యా, నా గల్లాపెట్టె కింద వాల్వు ఉండాదా?" అన్నాడు కొట్టాయన.

"మ్యాపులో ఉండాది."

"ఇన్నేళ్లు తిప్పినోడివి, యాడుండాదో నీకు తెలవదా?"

"తెలుసు. బయట మురుక్కాలవ పక్కనుండాది. కానీ నాకు తెలిసింది ఇప్పుడు చెల్లదంట" అన్నాడు మస్తానయ్య.

చూశారా వినయం? ఇరవై ఏళ్లలో ఏ అధికారీ తేలేని వినయం ఒక కాగితం తెచ్చింది.

ఇక అసలు విషయానికి వస్తాను. ఈ మ్యాపు మీద కొందరు గిట్టనివాళ్లు, ముఖ్యంగా కట్టకింద కాలనీవాళ్లు, లేనిపోని నిందలు వేస్తున్నారు. తప్పెవరిదో పాఠకులే తేల్చండి.

కట్టకింద కాలనీ ఊరికి రెండు మైళ్ల దూరం. చెరువు కట్ట దిగువన ఇరవై రెండు గుడిసెలు. తాతల నాటినుంచీ అక్కడే ఉన్నారు. చెరువులో నీళ్లుంటే చేపలు పడతారు, ఎండితే కూలికి పోతారు. ఉన్న ఒక్క బోరులో ఉప్పునీళ్లు. మంచినీళ్లు కావాలంటే మైలున్నర నడిచి ఒక రైతు మోటారు దగ్గరికి పోవాలి. కరెంటు ఉండాలి, రైతు మనసు బాగుండాలి, రెండూ ఒకేసారి కుదరాలి. అందుకని మస్తానయ్య ఎండాకాలమంతా దినం మార్చి దినం అక్కడికి ట్యాంకరు తోలించేవాడు. ఏ మ్యాపు చూసి తోలించాడు? ఏ మ్యాపూ లేదు. ఎంత బాధ్యతారాహిత్యం!

మార్చి నెలలో సర్వే మొదలైంది. మా ఊరికి వచ్చిన సర్వేయరు పేరు శాంతికుమార్, ఉదయగిరి మనిషి. నేను ఉదయగిరి హైస్కూల్లో పనిచేసిన రోజుల్లో నా దగ్గరే చదువుకున్నాడు. మ్యాపులో నీలం అంటే నీళ్లని వాడికి నేర్పింది నేనే. తరువాత బీఎస్సీ చేశాడు, ఉద్యోగం దొరక్క కంపెనీకి ఫారాలు నింపుతున్నాడు. ఆదివారం చర్చిలో పిల్లలకు బైబిల్ పాఠం చెబుతాడు. అబద్ధం ఆడడు. ఈ రోజుల్లో ఇట్లాంటి లోపమున్న మనిషికి సర్వే పని ఎవరిచ్చారో తెలియదు.

ఫారంలో ఏడో ప్రశ్న: ఇంట్లో తాగేనీళ్లు ఉన్నాయా, లేవా? రెండే గళ్లు. దీనికి కంపెనీవాళ్లు ఒక గట్టి షరతు పెట్టారు. జనం నోటి మాట నమ్మకూడదు, అందరూ లేవనే అంటారు. సర్వేయరు కళ్లతో చూసిందే టిక్ పెట్టాలి. నీళ్లు కనపడితే ఉన్నట్టు, కనపడకపోతే లేనట్టు. శాస్త్రం అంటే ఇదే కదా! ప్రత్యక్ష ప్రమాణం!

ఇప్పుడు ఆ కాలనీవాళ్లు చేసిన తెలివితక్కువ పని వినండి. వాళ్లకొక పాత ఆచారం ఉంది. గుడిసె ముందుకు వచ్చిన మనిషికి ముందు చెంబుతో నీళ్లిస్తారు. ఆ తరువాతే ఏం పని మీద వచ్చావని అడుగుతారు. ఓట్లకోసం వచ్చినవాడైనా సరే, పోలీసైనా సరే. శాంతికుమార్ మొదటి గుడిసె ముందు సైకిలు ఆపాడు. ఓబులమ్మ చెంబు తెచ్చింది.

ఓబులమ్మ ఆ కాలనీకి పెద్దదిక్కు. యాభై దాటిన మనిషి. కొడుకు కాలవ పనులకని సంగం పోయాడు, ఇంట్లో కోడలు చెంచమ్మ, ఆ పిల్లకు అప్పుడు ఐదో నెల. మైలున్నర మోసుకొచ్చిన కడవలోంచి ఓబులమ్మ చెంబు ముంచి ఇచ్చింది. శాంతికుమార్ తాగాడు. కళ్లతో చూడడమే కాదు, నోటితో కూడా రుచి చూశాడు! ఉన్నాయని టిక్ పెట్టాడు.

రెండో గుడిసెలో చెంబు. మూడో గుడిసెలో చెంబు. వద్దంటే చిన్నబుచ్చుకుంటారని ఒక్కో గుక్క తాగుతూ పోయాడు. ఇంకో సంగతి తరువాత తెలిసింది. ఏడెనిమిది గుడిసెల్లో ఆ రోజు నిజంగానే చుక్క లేదట. వచ్చిన మనిషికి నీళ్లియ్యకపోతే పరువు పోతుందని, వెనక దారిన పక్క గుడిసెలోంచి అడిగి తెచ్చి ఇచ్చారు. ఇరవై రెండు గుడిసెలు, ఇరవై రెండు చెంబులు, ఇరవై రెండు టిక్కులు. కంప్యూటర్ ఏం చేస్తుంది? సముద్రం రంగు వేసింది.

దీన్నే పుణ్యానికి పోతే పాపం ఎదురైందంటారు. కానీ తప్పు ఎవరిదండీ? కంప్యూటర్ వచ్చి చెంబు ఇమ్మని అడిగిందా?

వాళ్లతో మా వీధిని పోల్చి చూడండి. మా వీధిలో ఇరవై ఆరు ఇళ్లు. వకీళ్లు, కాంట్రాక్టర్లు, నాబోటి అయ్యవార్లు. అందరికీ గేట్లు. గేట్ల మీద కుక్క ఉన్నదనే బోర్డులు, కుక్కలు లేకపోయినా. భూమిలో సంపులు, సంపుల మీద బండలు, బండల మీద పూలకుండీలు. శాంతికుమార్ వచ్చి గేటు కొడితే ఎవరైనా బయటికి వస్తారా? కిటికీ రెక్క జానెడు తెరిచి "నీళ్లా? చుక్క లేదు, పో" అన్నారు. ఆ రోజు నేను స్కూల్లో ఉన్నాను, మా ఇంట్లో ఆ మాట మా ఆవిడ అన్నది. వాడికి ఒక్క ఇంట్లోనూ నీళ్లు కనపడలేదు. లేవని టిక్ పెట్టాడు. ఇరవై ఆరు టిక్కులు. మా వీధి మ్యాపులో నిప్పుకణంగా వెలిగింది.

నోరు మంచిదైతే ఊరు మంచిదని చిన్నప్పుడు పిల్లలకు నేర్పాను. ఆ పాఠం వెనక్కు తీసుకుంటున్నాను. నోరు మంచిదైతే ఊరు నీలం అవుతుంది.

ఏప్రిల్ నుంచి ట్యాంకరు రోజూ మా వీధికి వస్తున్నది. మీరు నమ్మరు, మాకు పట్టడానికి గిన్నెలు చాలడం లేదు. సంపులు నిండాక చెట్లకు పోశాం. చెట్లు తడిశాక స్కూటర్లు కడిగాం. ఎదురింటి కాంట్రాక్టరు గారు మేడ మెట్లు రోజూ కడిగిస్తున్నారు. ట్యాంకరు డ్రైవరు పాపం ఖాళీ చేయకుండా తిరిగిపోతే అతనికి మాట వస్తుందట, అందుకని మేమే ఏదో ఒకటి కడిగి సాయపడుతున్నాం. కట్టకింద కాలనీకి మాత్రం ట్యాంకరు నిలిచిపోయింది.

ఒక పొద్దున ఓబులమ్మ మా గేటు దగ్గరికి వచ్చింది. నేను పేపర్లకు రాస్తానని, అర్జీలు కూడా రాసిపెడతానని ఎవరో చెప్పారట. అదే సమయానికి ట్యాంకరు వీధిలో ఉంది, గొట్టం కీలు దగ్గర నీళ్లు కారుతున్నాయి. ఆమె అర్జీ సంగతి ఎత్తకముందే అటు చూసింది.

"అయ్యోరా, ఆ కారేవి పట్టుకుంటే ఏమన్నా అంటారా?"

పట్టుకోమన్నాను. నా దగ్గర దయకు కొదవ లేదు. ఆమె నడుమున తెచ్చిన బిందె కీలు కింద పెట్టి, నేలమీద కూర్చుని చెప్పింది.

"ట్యాంకరు రాక పద్నాలుగు దినాలాయ. మస్తానయ్యను అడిగితే నన్నేం చెయ్యమంటావు, నా మాటే ఎవురూ ఇనడం లేదంటాడు. కోడలికి ఏడో నెల పడింది. ఆ పిల్ల చేత అంత దూరం నీళ్లు మోపించేదానికి నాకు మనసొప్పడం లా. నేనొక్కదాన్నే మోస్తే రెండు కడవలు. మూడోది మొయ్యాలంటే మోకాళ్లు పట్టుకుంటాండాయి. మొన్న ఉప్పునీళ్లే తాగినాం, ఆ పిల్ల రెండు దినాలు వాంతులు చేసుకున్నాది. కానుపు దాకా అన్నా ట్యాంకరు పంపించమని రాయి అయ్యోరా."

రాశాను. రాయడమే కాదు, ఆమెను వెంటబెట్టుకుని నీళ్లాఫీసుకు పోయాను. చెప్పులు బయట విడిచి, ఆమె బిందె కూడా బయటే పెట్టించి, లోపలికి పోయాం. ఇంజనీరు రమణయ్య గారు మంచి మనిషి. కసురుకోలేదు. తెర మీద మ్యాపు తెరిచి, వేలితో చూపించారు.

"ఇదుగోమ్మా, ఇది మీ చెరువు. ఇది మీ కాలనీ. ఏ రంగు ఉంది?"

"నీలం సామీ."

"నీలం అంటే నీళ్లు. మీ చెరువు కూడా చూడు, ఎంత నిండుగా ఉందో."

ఉపగ్రహం ఆ ఫోటో పోయిన కార్తీకంలో, తుపాను వెళ్లిన వారంలో తీసిందట. ఓబులమ్మ వంగి తెర దగ్గరగా చూసింది. వేలు ఆ నీలం మీద పెట్టి, తీసి, వేలి కొస చూసుకుంది.

"ఇంత నీలం మా నాయన కాలంలో గూడా మా చెరువులో లేదు సామీ" అంది.

రమణయ్య గారు నావైపు తిరిగారు. "నాకు తెలియదా మాస్టారూ? నేనేం చేసేది? ట్యాంకరు డీజిలు ఈ రంగును బట్టి వస్తుంది. నీలానికి తోలితే నా మెడకు చుట్టుకుంటుంది. ఒక్క దారి ఉంది. మళ్లీ సర్వే రాయిస్తాను. ఒక నీలం చోటు, ఒక ఎరుపు చోటు, పోల్చి చూసుకునేదానికని పెడితే పైవాళ్లు ఒప్పుకుంటారు. కానీ ఒకటి గుర్తుంచుకోండి. ఆ ఇరవై రెండు గుడిసెలూ కలిపి మ్యాపులో ఒకే చుక్క. ఏ ఒక్క గుడిసెలో నీళ్లు కనపడినా చుక్కంతా నీలమే."

బయటికి వచ్చాక ఆమెకు పాఠం చెప్పాను. ఇరవై ఆరేళ్ల అనుభవం ఊరికే పోతుందా? సర్వే ఆయన వస్తే నీళ్లివ్వకూడదు. అడగకపోయినా ఇచ్చే జబ్బు మానుకోవాలి. అడిగినా ఇవ్వకూడదు. కడవలు దాచిపెట్టాలి. ఒక్క రోజు గట్టిగా ఉంటే ఎండాకాలమంతా ట్యాంకరు.

"ఎండన పడి వచ్చినోడికి నీళ్లియ్యకుండా ఎట్టా కూసుంటాం అయ్యోరా?"

"ఎట్టా ఏముంది? మా వీధిలో అందరం కూర్చోలేదా?"

ఆమె బయట పెట్టిన బిందె చంకనెత్తుకుంది. "కోడలి కోసం అట్టనే చేస్తాం" అంది చివరికి.

మళ్లీ సర్వే రోహిణి కార్తెలో పడింది. రోహిణి ఎండకు రోళ్లు పగులుతాయంటారు. మా గేటు గొళ్లెం పట్టుకుంటే చెయ్యి కాలింది. ఆ రోజు కాలనీలో జరిగింది ఓబులమ్మ నాకు చెప్పింది, మరునాడు శాంతికుమార్ కూడా చెప్పాడు. ఇద్దరి మాటా ఒకటే.

కాలనీవాళ్లు నా పాఠం బాగానే ఒప్పజెప్పారు. కడవలన్నీ తాటాకుల కింద దాచేశారు. శాంతికుమార్ మధ్యాహ్నం ఒంటిగంటకు అక్కడికి చేరాడు. వాడికీ రమణయ్య గారు ముందే చెప్పి పంపారు, అక్కడ ఏమిచ్చినా ముట్టవద్దని. వాడు అడగలేదు, వాళ్లు ఇవ్వలేదు. ఇరవై ఒక్క గుడిసెల ముందు ఆడా మగా చేతులు కట్టుకుని, మొహాలు పక్కకు తిప్పుకుని నిలబడ్డారట. వాళ్ల జన్మలో అంత మర్యాదస్తులుగా ఎన్నడూ ఉండి ఉండరు. ఇరవై ఒక్క టిక్కులు. లేవు, లేవు, లేవు.

ఇరవై రెండోది ఓబులమ్మ గుడిసె. ఈసారి కాలనీ అవతలి కొసనుంచి వచ్చాడు కాబట్టి ఆమెది చివరయింది. వాడు సైకిలు ఆనించబోతే అది పడిపోయింది. తీయబోయి వాడు కూడా నేలమీద కూర్చుండిపోయాడు. పెదవులు తెల్లగా పేలి ఉన్నాయి. ఫారం తీశాడు, పెన్ను తీశాడు, పేరు అడగడానికి నోరు తెరిస్తే మాట రాలేదు.

ఓబులమ్మ చూసింది. కోడలి వైపు చూసింది. చెంచమ్మ లేచి పోయి తాటాకు పక్కకు లాగింది. ఓబులమ్మ చెంబు ముంచింది.

"వద్దు అవ్వా" అన్నాడు శాంతికుమార్. "మీ రంగు పోతాది."

"పోతే పోనీ. నువ్వు తాగు నాయనా. నా గుడిసె ముందర మనిషి పడిపోతే, నాకు రోజుకు పది ట్యాంకర్లు వచ్చి ఏం లాభం?"

వాడు తాగాడు. ఒక చెంబు చాలలేదు, రెండోది కూడా తాగాడు. ఆ తరువాత ఫారం ముందు పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాడట. ఓబులమ్మే చెప్పింది, లేవని రాసుకో నాయనా, నేనేమీ అనుకోను అని. వాడి చెయ్యి రాలేదు. ఆమె నీళ్లు కడుపులో పెట్టుకుని ఆమె ఇంట్లో నీళ్లు లేవని రాయలేకపోయాడు. ఉన్నాయని టిక్ పెట్టాడు, ఏడ్చాడు, సైకిలు తోసుకుంటూ వెళ్లిపోయాడు.

మరునాడు నా దగ్గరికి వచ్చి అడిగాడు. "సార్, నేను చేసింది తప్పా? అబద్ధం రాయొద్దని మీరే గదా సార్ చెప్పింది?" ఎప్పుడో ఎనిమిదో క్లాసులో చెప్పిన మాట. పిల్లలకు ఏది పడితే అది చెప్పకూడదని ఇప్పుడు తెలుస్తున్నది.

ఒక చెంబు. ఒక టిక్కు. ఒక చుక్క. కాలనీ మళ్లీ నీలం. ట్యాంకరు పోలేదు. ఓబులమ్మ రోజుకు మూడు కడవలు మోస్తున్నది, మోకాళ్లకు గుడ్డ చుట్టుకుని. చెంచమ్మకు ఎనిమిదో నెల, నాలుగో కడవ ఆ పిల్ల మోస్తున్నది.

కాబట్టి పాఠకులారా, కంప్యూటర్‌ది ఏమైనా తప్పుందా? లేదు. ఉపగ్రహానిదా? అది ఆకాశంలో ఉంది. రమణయ్య గారిదా? ఆయన మంచివారు. శాంతికుమార్‌దా? సత్యసంధుడు. వెతికి వెతికి చూస్తే తప్పంతా ఆ చెంబుది. చెంబులు లేని గృహాలు, గేట్లు ఉన్న వీధులు పెరిగితేనే ఈ ఊరు మహానగరం అవుతుంది. ఇది నా దృఢమైన అభిప్రాయం.

వ్యాసం ఇక్కడికి ముగించాలనే అనుకున్నాను. కానీ శాంతికుమార్ నా ముందు కూర్చుని అడిగిన ప్రశ్నకు నేను జవాబు చెప్పలేదు. చెప్పకపోవడానికి కారణం ఒకటుంది, అది కూడా రాసేస్తాను.

ఒక నీలం, ఒక ఎరుపు, పోల్చి చూడాలని రమణయ్య గారు అన్నారు కదా. ఆ ఎరుపు మా వీధి. ఆ రోజు పొద్దున తొమ్మిదికి వాడు మా వీధిలో మొదలుపెట్టాడు. ఇరవై ఐదు గేట్లు కొట్టి, ఇరవై ఐదు కిటికీలతో మాట్లాడి, పన్నెండున్నరకు మా గేటు దగ్గరికి వచ్చాడు. సెలవులు కాబట్టి నేను ఇంట్లోనే ఉన్నాను. కిటికీలోంచి మాట్లాడడం మర్యాద కాదని గేటు దాకా పోయాను, గేటు తీయలేదు.

"బాగున్నారా సార్?" అన్నాడు. ఫారం నింపాడు. పెన్ను మూత పెట్టాక అడిగాడు. "సార్, కాసిని మంచినీళ్లు ఇప్పిస్తారా?"

ఆ పొద్దున్నే ట్యాంకరు వచ్చి పోయింది. సంపు నిండి ఉంది. వరండాలో మట్టికుండ, దాని మీద తడిగుడ్డ, గుడ్డ మీద గ్లాసు. నాలుగు అడుగుల దూరం. తలుపు వెనకనుంచి మా ఆవిడ దగ్గింది. నాకు అర్థమైంది. ఇరవై ఆరు ఇళ్లూ కలిపి ఒకే చుక్క. నా గ్లాసు వాడి కంటపడితే వీధంతా నీలం. ఇరవై ఐదు ఇళ్లవాళ్లు నన్ను వీధిలో తిరగనిస్తారా?

"లేవయ్యా శాంతికుమార్" అన్నాను.

"పర్లేదు సార్" అన్నాడు. కనపడలేదు కాబట్టి లేవని టిక్ పెట్టాడు. ఆ ఎండలో సైకిలెక్కి కట్టకింద కాలనీ వైపు పోయాడు.